మొరం కట్ట మీద సైకిల్ పందెం

17 జనవరి 1984, మంగళవారం

మాధవరావు గారు ఒప్పుకున్నారు. పూర్తిగా కాదు — షరతు మీద.

ఉదయం హైదరాబాదు నుంచి జీపులో వచ్చారు. పందెం నిర్వహించే అధికారి. మాట తక్కువ మనిషి. కాలువ కట్ట మీది మొరం దారిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. నడుమ దిగి, కంకర రాయి ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కాలువలోకి విసిరారు. "రేసు సైకిలు టైరు వేలంత సన్నం. తెలుసా మీకు?" తెలుసు అన్నాను. కిరాయి సైకిళ్ల దుకాణం మీద బ్రతికేవాడిని ఆ ప్రశ్న అడగవలసింది కాదు... అయినా వినయంగానే చెప్పాను.

షరతు ఇది. పందెం నిజామాబాదులో మొదలై, వర్ని మీదుగా బాన్సువాడ చేరి, మన కట్ట మీదుగా నిజాంసాగర్ ఆనకట్ట దగ్గర ముగుస్తుంది. కట్ట మీద జనం అల్లరి చేసినా, పోటీదారుడి ఒంటి మీద ఒక్క చేయి పడినా, మరుసటి ఏటి నుంచి మళ్లీ ఎల్లారెడ్డి వైపు డాంబరు రోడ్డే. ఆ దారిలో మన బాన్సువాడ లేదు.

"జనానికి మీరు పూచీనా?" అని అడిగారు. పూచీ అన్నాను.

18 జనవరి, బుధవారం

వార్త ఊరంతా పాకింది. దుకాణం ముందు గుంపు. పోటీదారులు మిల్లుల దగ్గర జీతానికి తొక్కుతారని చెబితే ఎవరూ నమ్మరు.

"సైకిల్ తొక్కుతే నెల జీతమా? మరి దినాం సైకిల్ మీద పాలు తెచ్చే మా పాలోనికి నువ్వు ఇన్నేండ్ల జీతం బాకీ ఉన్నవు" — సాయిలు. నా భార్య గంగామణి తమ్ముడు, రైసు మిల్లులో గుమస్తా. నన్ను ఎగతాళి చేయడం వాడికి రెండో ఉద్యోగం. "బావా, గా కట్ట మీద బర్లే సూసి సూసి కాలేస్తయి. గాళ్లేడ తొక్కుతరు? మన ఊరి ఇజ్జత్ తీస్తున్నవ్ నువ్వు."

వాడి వైపు నవ్వినవారే ఎక్కువ. నేను పంక్చరు వేస్తూ ఉండిపోయాను. చేతిలో పని ఉన్నప్పుడు మాటకు మాట చెప్పడం నాకు చేతకాదు.

22 జనవరి, ఆదివారం

పంచాయతీ కార్యాలయంలో సమావేశం. ఆహ్వాన సంఘానికి నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. రాత్రి బడిలో చదివి, నలభయ్యో ఏట మెట్రిక్ ఉత్తీర్ణుడనైన నాకు ఊరు ఇచ్చిన మొదటి పదవి ఇది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

అభ్యంతరాలు చాలా వచ్చాయి. మొరం మీద తొక్కించడం పందెం కాదు, సర్కస్ అన్నారు. దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్లకు మన గుంతలు చూపించడమేమిటన్నారు. గవర్నమెంటు రోడ్డు వేయలేదని మనమే టముకు వేసుకున్నట్టన్నారు.

లేచి మాట్లాడాను. పోయిన ఏడు మనం లారీ కట్టుకుని ఎల్లారెడ్డి రోడ్డుకు పోయి పందెం చూసిన సంగతి గుర్తు చేశాను. పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డాం. వచ్చారు, పోయారు. సాయిలు బీడీ ముట్టించుకునే లోపల అయిపోయింది. ఎవరు ముందు, ఎవరు వెనుక — ఒక్కరికీ తెలియదు. డాంబరు మీద చూస్తే అంగీ రంగు కనబడుతుంది. మొరం మీద చూస్తే మనిషి కనబడతాడు. పళ్లు కొరకడం, మోచేతుల వణుకు, చెమట... చూడదలచినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

తరువాత వెనుక వరుస నుంచి ఒక ముసలాయన — "గది నిజమే. నేను గా దినం ఒక్కని మొఖం సూడలే."

చేతులెత్తించారు. కట్టకే ఎక్కువ.

సాయిలు చేయి ఎత్తలేదు. దించనూ లేదు — చెవి గోక్కుంటూ ఉన్నాడు.

23 జనవరి

నిద్ర పట్టలేదని రాయను. పట్టింది. గర్వం మనిషిని బాగా నిద్రపుచ్చుతుంది.

29 జనవరి, ఆదివారం

వర్నికి పోయి వచ్చాను. అక్కడి ఆహ్వాన సంఘం పెద్ద సుబ్బారావు గారు. తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి సాగు పెట్టుకున్న కుటుంబం. మజ్జిగ ఇచ్చి, మర్యాదగానే కుట్టారు.

"మా ఊరి దాకా నున్నటి రోడ్డేనండీ. మీ పొలిమేర రాగానే గులకరాళ్లు. రేపు పేపర్లో మా పేరు ముందు రాస్తారో, మీ పేరు ముందు రాస్తారో చూడాలి మరి."

"మీ ఊరి ముందు ఎంత వేగంగా పోతారో అంత వేగంగా మరిచిపోతారు" అన్నాను. ఆయన గట్టిగా నవ్వి ఇంకొక గ్లాసు పోయించారు. వస్తూ దారిలో ఆ మాటనే రెండు మూడు సార్లు పైకి అనుకున్నాను... బాగుంది.

5 ఫిబ్రవరి, ఆదివారం

ఇద్దరు పోటీదారులు దారి చూసుకోవడానికి వచ్చారు. బొంబాయి మిల్లు తరఫున తొక్కే జోసెఫ్. పోయిన ఏటి విజేత. పొడవాటి మనిషి, మీసం లేదు, నల్ల కళ్లద్దాలు. రెండోవాడు పుణె మిల్లు తరఫు విఠల్. పొట్టి. నంబరు పదిహేడు.

జోసెఫ్ కట్ట మీద కొంత దూరం తొక్కి, దిగి, సైకిలు భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. హిందీలో అన్న మాట — ఇది రోడ్డా, ఎండిన వాగా? సాయిలు ఆ మాటను ఎత్తిపట్టుకుని చాయ్ హోటల్ దాకా ఊరేగించాడు.

విఠల్ మాట్లాడలేదు. అటు కొసకు పోయి, తిరిగి వచ్చాడు. వెనుక చక్రం పంక్చరు. నా దుకాణంలోనే కూర్చున్నాడు. నేను టైరు విప్పుతూ అతని చేతులు చూశాను — బొబ్బలు పగిలి ఉన్నాయి. నొప్పా అని ఉర్దూలో అడిగాను. తల అడ్డంగా ఊపాడు. వాళ్ల ఊరికి ఇప్పటికీ ఇలాంటి దారే ఉందట. నాగలి దున్నినవాడు రాయికి భయపడతాడా అన్నాడు, సగం మరాఠీ సగం హిందీ.

చాయ్ తెప్పించాను. సాసర్లో పోసుకుని తాగాడు. ఊరివాడే.

6 ఫిబ్రవరి

ఊరు రెండు పార్టీలు. జోసెఫ్ మనుషులు డాంబరు పార్టీ. విఠల్ మనుషులు మొరం పార్టీ. ఎలక్షన్లకు కూడా ఇంత వాదన లేదు. మంగలి దుకాణంలో సగం గడ్డంతో లేచి వచ్చి పోట్లాడినవాడున్నాడు.

గంగామణి: "మీ మొగోల్లకు ఎట్లైతేంది, పార్టీ ఒకటి కావాలె."

నువ్వే పార్టీ అన్నాను. "నాకు మంచి రోడ్డు పార్టీ" అంది. చెరకు బండి ఎక్కి పుట్టింటికి పోయినప్పుడల్లా ఆమె నడుము పట్టేస్తుంది. ఆ మాట పట్టించుకోలేదు.

12 ఫిబ్రవరి, ఆదివారం

కట్ట వెంబడి ఊళ్లన్నీ తిరిగాను. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం. ప్రతి ఊరిలో అదే మాట — పోటీదారులు మన అతిథులు, వారిని గౌరవించండి, ఒంటిని ముట్టుకోకండి, దారికి అడ్డం రాకండి. మగవారందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలని చెప్పాను. మాధవరావు గారి షరతు గుర్తుంది కదా. ఒక్క చేయి... ఒక్కటి పడితే చాలు.

తండాలో ఆడవాళ్లే ఎక్కువ ఉన్నారు. మంగ్లీబాయి — రోడ్డు పనికి కంకర మోసే కూలీల్లో పెద్ద దిక్కు. కట్ట మీద పరిచిన ఆ మొరంలో సగం ఆమె నెత్తి మీదుగా వచ్చిందే. నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది.

"అన్నా, గాళ్లు మా తండ ముందట ఆగుతరా?"

"ఆగరు. పందెం కదా."

"ఆగకుంటే సుట్టాలెట్లయితరు?"

"వారు మన అతిథులు. గౌరవం ఇవ్వడం మన ధర్మం."

"ఇస్తం గద. ఇయ్యమన్ననా?"

అందరూ తల ఊపారు. సంతృప్తిగా తిరిగి వచ్చాను. ఇంత క్రమశిక్షణ గల ప్రజలు మరెక్కడ ఉంటారు!

17 ఫిబ్రవరి

కాలువకు నీళ్లు నిండుగా వదిలారు. కట్ట ఎండి, ఎర్రగా, శుభ్రంగా ఉంది. నేనే పోయి పెద్ద రాళ్లు కొన్ని పక్కకు తీశాను. అన్నీ తీయలేదు. తీస్తే మొరం ఎట్లా అవుతుంది?

18 ఫిబ్రవరి, శనివారం

రేపే.

19 ఫిబ్రవరి, ఆదివారం

ఇది నిదానంగా రాయాలి.

తెల్లవారకముందే కట్టకు పోయాను. నాకంటే ముందే జనం. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, సైకిళ్లు — నా కిరాయి సైకిళ్లన్నీ అక్కడే ఉన్నాయి, నాకు చెప్పకుండానే. వర్ని వాళ్లు వాళ్ల ఊళ్లో పందెం చూడకుండా ట్రాక్టరు కట్టుకుని మన కట్టకు వచ్చారు. సుబ్బారావు గారు గొడుగు కింద నిలబడి ఉన్నారు. "మా దగ్గర కనబడరని మా ఆవిడే అందండీ" అన్నారు. తల వంచి నమస్కరించాను. ఇంకేమీ అనలేదు, అనవలసిన అవసరం లేదు.

ట్రాక్టరు మీద మైకు. మైకు నా చేతిలో. "మాన్యులారా, మరి కొన్ని నిమిషములలో..." అని మొదలుపెట్టాను. కింది నుంచి సాయిలు — "బావా, నీ పుస్తకాల తెలుగు బంద్ జెయ్. ఎవడు ముందటున్నడో చెప్పు సాలు." అందరూ నవ్వారు. నేనూ... కొంచెం.

ముందుగా పోలీసు మోటారు సైకిలు. తరువాత దుమ్ము. దుమ్ములోంచి రంగులు.

మొరం తగలగానే గుంపు విడిపోయింది. డాంబరు మీద ముద్దగా వచ్చినవాళ్లు ఒక్కొక్కరుగా, మనుషులుగా అయ్యారు. గొలుసులు గలగలమంటున్నాయి. ఒకడు జారి పడ్డాడు, లేచాడు, మోకాలు నుంచి రక్తం, మళ్లీ ఎక్కాడు. మగవారందరూ చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నారు. చేతులు లేకుండా చప్పట్లు ఎట్లా కొడతారు? గొంతులతో కొట్టారు. కట్ట ఊగిపోయింది.

ముందు జోసెఫ్. వెంటనే పదిహేడో నంబరు.

అప్పుడు చూశాను. తండా దగ్గర దారి పొడవునా ఆడవాళ్లు. ప్రతి చేతిలో చెంబు. నీళ్ల చెంబు.

నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. చుట్టాలు ఇంటి ముందుకు వస్తే కాళ్లకు నీళ్లు ఇవ్వకుండా ఎట్లా? ముట్టుకోవద్దన్నాను, అడ్డం రావద్దన్నాను. నీళ్లు ఇవ్వొద్దని మాత్రం చెప్పలేదు. అదొకటి చెప్పాలని తట్టనే లేదు. నేను కూడా ఇక్కడివాడినే కదా.

మైకులో అరిచాను — "అమ్మలారా, దూరం." ఎవరు వింటారు?

మంగ్లీబాయి ఒక అడుగు ముందుకు వేసి చెంబు చాపింది. జోసెఫ్ విసుక్కుని, చక్రం వంచి, ఆమె పక్క నుంచి దూసుకుపోయాడు. బూటు మీద కొన్ని చుక్కలు పడ్డాయేమో. ఏదో తిట్టాడు.

విఠల్ ఆగాడు.

ఆగాడు. నా కళ్లతో చూశాను. బ్రేకు వేసి, ఒక కాలు మొరం మీద మోపాడు. ఆమె ఆ కాలి మీద నీళ్లు పోసింది. రెండో కాలు దించాడు. దాని మీదా పోసింది. ఆమె చేయి అతని ఒంటికి తగలలేదు. అతను ఆమెకు రెండు చేతులూ జోడించాడు, తల వంచాడు. కాలువ నీళ్ల చప్పుడే వినబడింది.

"పో బిడ్డా, ఇగ పో. వాడు పోతుండు" — మంగ్లీబాయి.

అప్పుడు లేచింది అరుపు. అటువంటి అరుపు నా జీవితంలో వినలేదు. డాంబరు పార్టీ లేదు, మొరం పార్టీ లేదు. సాయిలు ట్రాక్టరు చక్రం ఎక్కి, టోపీ ఊపుతూ — "పదిహేడూ, పదిహేడూ, తొక్కు తమ్మీ" — వాడే, ఇజ్జత్ పోతుందన్నవాడే.

వెనుక వచ్చినవాళ్లలో కొందరు ఆగారు. కొందరు వేగం తగ్గించి కాళ్లు చాపారు, కదులుతూనే తడిపించుకున్నారు. ఒక సర్దార్జీ చెంబే అందుకుని తాగేశాడు. దానికీ నవ్వు, దానికీ అరుపు. తడిసిన మొరం మీద దుమ్ము లేవలేదు. చివరివాడి మొహం కూడా స్పష్టంగా కనబడింది.

సాయిలు తోలే మోటారు సైకిలు మీద నేను వెనుక కూర్చుని అడ్డదారిలో ఆనకట్టకు పరుగు. మేము చేరేసరికి చివరి మలుపు. జోసెఫ్ ముందు, విఠల్ వెనుక... దగ్గరవుతున్నాడు, దగ్గరవుతున్నాడు... గీత.

చక్రమంత తేడా. జోసెఫ్ గెలిచాడు.

జనం విఠల్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పందెం అయిపోయింది కాబట్టి అది నిబంధనకు విరుద్ధం కాదు. మనసులోనే ఒకసారి సరిచూసుకున్నాను. గెలిచినవాడు దండ మెడలో వేసుకుని ఒంటరిగా నిలబడ్డాడు. కళ్లద్దాలు తీశాడు. నన్ను చూసి హిందీలో అడిగాడు — గెలిచింది నేనా, వాడా?

నాకు సిగ్గు వేసింది. అతనూ అతిథే. పక్కనున్న నల్లా దగ్గర చెంబు నింపి తెచ్చాను. ఇస్త్రీ చొక్కా, కార్యదర్శి బిళ్ల, ఇవన్నీ ఉండగానే వంగి, బొంబాయి జోసెఫ్ కాళ్లకు నీళ్లు ఇచ్చాను. మొదట వెనక్కి జరిగాడు. తరువాత బూట్లు విప్పాడు. చల్లగా ఉందన్నాడు. నవ్వాడు.

మాధవరావు గారు మాత్రం నవ్వలేదు. "దారి మీదికి ఎట్లా వచ్చారు వాళ్లు? మీ పూచీ ఇదేనా?"

"ఎవరి చేయీ ఎవరి ఒంటికీ తగలలేదు. కనుక్కోండి" అన్నాను.

"నేను హైదరాబాదులో మాట్లాడి చెబుతాను" అని జీపు ఎక్కారు.

20 ఫిబ్రవరి

రాత్రి గంగామణి నా కాళ్లు పట్టింది. "బొంబాయోని కాళ్లు కడిగినవంట. నా కాళ్లు ఎప్పుడు కడుగుతవ్?" ఊరంతా తెలిసిపోయింది.

21 ఫిబ్రవరి

హైదరాబాదు నుంచి కబురు లేదు.

23 ఫిబ్రవరి

లేదు. చాయ్ హోటల్లో ఒకే చర్చ — విఠల్ ఆగకపోయి ఉంటే గెలిచేవాడా? గెలిచేవాడని అందరూ అంటారు. ఆగకపోయి ఉంటే మంచిదని ఒక్కడూ అనడు.

26 ఫిబ్రవరి, ఆదివారం

మాధవరావు గారు స్వయంగా వచ్చారు. దుకాణం ముందు జీపు ఆగగానే చేతిలో పానా కింద పడింది.

బల్ల మీద కూర్చున్నారు, చాయ్ తీసుకున్నారు. పోటీదారులను పిలిచి అడిగారట — వచ్చే ఏడు ఏ దారి? ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ మన కట్టనే అడిగారు. జోసెఫ్ కూడా. "తిట్టుకుంటూనే అడిగాడు" అన్నారు. ఊరూరా జనం గురించే చెప్పుకుంటున్నారట. చేతులు వెనక్కి కట్టుకుని అరిచే జనాన్ని తాను ఎక్కడా చూడలేదన్నారు.

"మొరం ఉన్నంత కాలం ఈ దారే."

లేచి నిలబడి నమస్కరించాను. ఆయన పోయిన తరువాత దుకాణం తలుపు సగం మూసి, కాసేపు ఒక్కడినే కూర్చున్నాను.

నా పూచీ నిలిచింది.

2 మార్చి, శుక్రవారం

బోధన్ నుంచి, పిట్లం నుంచి కుర్రకారు వస్తున్నారు. పందెం చూడడానికి కాదు, కట్ట మీద తొక్కి చూడడానికి. సైకిళ్లన్నీ పొద్దున్నే కిరాయికి పోతున్నాయి. మంగ్లీబాయి నిలబడిన చోట దిగి, అటూ ఇటూ చూసి, కాలువలో కాళ్లు కడుక్కుని పోతున్నారట. సాయిలు వాళ్లకు దారి చూపిస్తూ కథ చెబుతున్నాడు. వాడి కథలో కట్ట ఆలోచన వాడిదే. పోనీ.

"ఇది మా మొరం" అంటున్నాడు. నిన్నటి దాకా నా మొరం.

4 మార్చి

దుకాణం గోడకు సున్నం వేయించాను.

6 మార్చి, మంగళవారం

రోడ్ల శాఖ ఇంజనీరు వచ్చారు. యువకుడు, మర్యాదస్తుడు. నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

పందెం వార్త పై దాకా పోయిందట. ఇంత జనం తిరిగే దారి మొరంగా ఉండడమేమిటని ఎవరో పెద్దలు అడిగారట. కట్టకు డాంబరు మంజూరైంది. ఈ వేసవిలోనే పని. అయితే ఊళ్లవాళ్లు ఒక్క మాటగా కోరాలి. మాట తేడా వస్తే ఆ పని మరో తాలూకాకు మళ్లుతుంది. ఆదివారం సభ. "మీరు కార్యదర్శి కదా, మీ మాట ముందు వింటారు" అన్నారు.

చాయ్ తెప్పించడం మరిచిపోయాను.

ఇరవై ఏళ్లుగా ఎవరు అడిగినా వేయని డాంబరు. మన విజయమే తెచ్చింది.

7 మార్చి

సాయిలు మండిపడుతున్నాడు. "డాంబరు ఏస్తే మల్ల ఎల్లారెడ్డి రోడ్డే గద బావా. మాధవరావు ఏమన్నడు? మొరం ఉన్నంత కాలం అన్నడు. ఏయనియ్యొద్దు. నువ్వు ఒక్క మాట అను, ఊరు నీ ఎనుకుంటది."

డాంబరు పార్టీ నాయకుడు. నవ్వు రావలసిందే, రాలేదు.

8 మార్చి, గురువారం

మంగ్లీబాయి దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ రాదు. గుమ్మంలోనే కూర్చుంది. నీళ్లు ఇచ్చాను.

"అన్నా, డాంబరు పడితె బస్సు వస్తదంట గద."

వస్తుందన్నాను.

"మా కోడలు మల్ల నీళ్లోసుకుంది. పోయినసారి బండి మీద దవాఖానకు తోలుకపోతె, ఆ రాళ్లకు, ఆ కుదుపులకు... దారిల్నే అయిపాయె. పిల్ల దక్కలే." నీళ్ల గ్లాసు కింద పెట్టింది. "నువ్వు వద్దంటె ఆగుతదంటుండ్రు. నిజమేనా?"

నిజం కాదని చెప్పగలిగి ఉంటే బాగుండేది.

"మల్ల సైకిలోల్లు రారంట?"

"రారు."

"నాకు గా పొట్టి పిలగాడు మంచిగనిపిచ్చిండు" అంది. లేచింది. నేను చెబుతానని ఎదురుచూసింది. ఆదివారం చెబుతానన్నాను.

సమాధానం అది కాదని ఇద్దరికీ తెలుసు.

9 మార్చి

కట్టకు పోయాను. ఒంటరిగా, నా సొంత సైకిలు మీద. మొరం చక్రం కింద కరకరలాడింది. మంచి దారి. మధ్యలో ఒక గతుకు దగ్గర చక్రం ఎగిరి, పళ్లు తాకి నాలుక తెగింది. దిగి నడిచాను. నిండు మనిషిని బండిలో పడుకోబెట్టి ఈ దారిన తీసుకుపోవడం ఎట్లా ఉంటుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు.

అయినా ఆ అరుపు... ఆ కట్ట మీద ఇంకా ఉన్నట్టే ఉంది.

10 మార్చి, శనివారం

రేపు సభ. రెండు ఉపన్యాసాలూ తయారు చేశాను. రెండూ బాగున్నాయి, అదే కష్టం. మాధవరావు గారికి ఒకటి అడిగి చూడవచ్చు — కట్ట డాంబరైతే, అవతలి గట్టు మీద బండ్ల బాట ఉంది, అటు తిప్పుతారా అని. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. సభ లోపల జవాబు రాదు.

సాయిలు వచ్చి పోయాడు. తండా నుంచి మంగ్లీబాయితో పాటు పాతికమంది ఆడవాళ్లు పొద్దున్నే బయలుదేరుతున్నారట. మొరం వాళ్లు ఎడమ వైపు కూర్చుంటారట, డాంబరు వాళ్లు కుడి వైపు. కార్యదర్శి కుర్చీ మాత్రం ఇంకా వేయలేదు; నన్నడిగి వేస్తారట.

గంగామణి చొక్కా ఇస్త్రీ చేస్తూ, తల ఎత్తకుండా — "రేపు ఏ దిక్కు కూసుంటవ్?"

ఇస్త్రీ పెట్టెలో నిప్పులు ఆరుతున్నాయి, చూసుకో అన్నాను.